వాళ్లింటి సంగతి మనకెందుకా?

పెళ్లి భోజనం బాగుందా?

మటన్ ముక్క మెత్తగా ఉడికిందా? కవర్లో ఐదొందలు పెట్టి చదివించారా, వెయ్యి పెట్టారా? ఫొటోకు కూడా నిలబడ్డారు కదా, పెళ్లికూతురి పక్కనే. మరి ఆ పిల్ల వయసెంతో అడిగారా?

అడగలేదు.

అడగాల్సిన పని కూడా లేదు. మీకు తెలుసు. మొన్న వేసవి సెలవుల దాకా యూనిఫాం వేసుకొని, రెండు జడలు మడిచి రిబ్బన్లు కట్టుకొని, మీ వాకిటి ముందు నుంచే బడికి పోయిన పిల్ల. తొమ్మిదో తరగతి.

తెలిసే పోయారు. తెలిసే తిన్నారు. తెలిసే అక్షింతలు వేశారు.

ఎవరైనా నోరు తెరిస్తే మన నందికొట్కూరులో ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. "మనకెందుకప్పా, అది వాళ్లింటి సంగతి."

ఎవరు చెప్పారు మీకు?

2006లో బాల్య వివాహ నిషేధ చట్టం వచ్చింది. ఆడపిల్లకు 18, మగపిల్లవాడికి 21 నిండాలి. అంతకు ముందే పెళ్లి చేస్తే, జరిపించినవాళ్లకూ, దగ్గరుండి నడిపించినవాళ్లకూ, అందుకు తోడ్పడినవాళ్లకూ రెండేళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. కన్నవాళ్లు, పెంచేవాళ్లు ఒప్పుకున్నా నేరమే, ఆపకుండా ఊరకున్నా నేరమే. పోలీసులు వారెంటు లేకుండా పట్టుకోవచ్చు. స్టేషన్లోనే బెయిలు తీసుకొని వచ్చేసే నేరం కాదది. ఇక 18 నిండని పిల్ల మెడలో తాళి ఉన్నా సరే, ఆ పిల్లతో కాపురం అత్యాచారమేనని 2017 అక్టోబరులో సుప్రీంకోర్టు తేల్చింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత కూడా అదే చెబుతోంది.

మీరు అక్షింతలు వేసింది దానికి.

మీ ఒక్కరి సంగతి అనుకుంటున్నారా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లను అడిగింది. 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. పది మందిలో ముగ్గురు. ఆ ముగ్గురికీ పెళ్లి అర్ధరాత్రి గుట్టుగా చేశారా? షామియానా వేసి, మైకు పెట్టి, ఊరంతా పత్రికలు పంచి చేశారు. ఆపడానికి అధికారులున్నారు. తహసీల్దారు ఉన్నాడు, సీడీపీవో ఉంది, పంచాయతీ కార్యదర్శి ఉన్నాడు. వాళ్లకు ఒక్క ఫోన్ చేయడానికి ఎంతమందికి చేయి వచ్చింది?

"కన్నోళ్లు వాళ్లు. వాళ్ల పిల్ల, వాళ్లిష్టం" అంటారా?

చేనుకు పట్టాదారు పాసుపుస్తకం ఉంటుంది. పిల్లలకు ఉండదు. అమ్ముకోవడానికి, కౌలుకివ్వడానికి, కుదువ పెట్టడానికి ఎవరూ ఎవరికీ రాసివ్వలేదు. చట్టం కన్నవాళ్ల చేతికి ఇచ్చిన ప్రతి హక్కూ పిల్లను కాపాడటం కోసం ఇచ్చిందే. బిడ్డ ఎవరి దగ్గర పెరగాలన్న తగాదా ఏ కోర్టుకు పోయినా జడ్జి ముందు చూసేది బిడ్డ క్షేమం. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టంలో 13వ సెక్షన్ రాసిందే అది. తండ్రి పెద్దరికం తర్వాత. తల్లి పట్టుదల తర్వాత. మేనమామల పౌరుషం ఆ తర్వాతెప్పుడో.

ఈ ముక్క మీకెవరైనా చెప్పారా? మీరెప్పుడైనా అడిగారా?

సినిమా టికెట్ ఎంత పెరిగిందో తెలుసు. కంది క్వింటాలు ఎంత పలికిందో తెలుసు. ఏ నాయకుడు ఏ పార్టీలోకి దూకాడో టీకొట్టు దగ్గర గంటసేపు చెబుతారు. కన్నబిడ్డ విషయంలో చట్టం మీకేం అప్పగించిందో మాత్రం తెలియదు.

బడి సంగతికే వద్దాం.

చదువు పిల్లల ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 1993లో చెప్పింది. ఏ కేసులోనో తెలుసా? ఉన్నికృష్ణన్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మధ్య నడిచిన కేసులో. మన రాష్ట్రం కేసే దేశమంతటికీ దారి చూపింది. 2002లో రాజ్యాంగాన్ని సవరించి ఆ హక్కును 21ఎ అధికరణంగా చేర్చారు. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలను చదివించడం కన్నవాళ్ల కర్తవ్యమని అదే సవరణలో రాశారు. 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం అమల్లో ఉంది. పిల్లను బళ్లో చేర్చడం కన్నవాళ్ల విధి అంటుంది దాని 10వ సెక్షన్. రోజూ వచ్చేలా చూడటం, చదువు పూర్తయ్యేలా చూడటం ప్రభుత్వం విధి. చేర్చుకోం పొమ్మనే అధికారం ఏ సర్కారు బడికీ లేదు. జనన ధ్రువపత్రం లేదని తిప్పి పంపకూడదు. టీసీ లేదని తిప్పి పంపకూడదు. పిల్లలను కొట్టకూడదు. బడి కమిటీలో నలుగురిలో ముగ్గురు తల్లిదండ్రులే ఉండాలి.

మీరు ఆ కమిటీ మీటింగుకు ఎప్పుడైనా పోయారా? సంతకం ఎవరు పెట్టారు మీ పేరు మీద?

ఇక చేలల్లోకి పోదాం రండి. దూరమేం కాదు. కర్నూలు, నంద్యాల పక్క పత్తి విత్తనం పండించే చేలు ఎన్నేళ్లుగానో పేరుమోసినవి. అక్కడ పని ఎట్లా ఉంటుందో దగ్గరికెళ్లి చూశారా? సాయంత్రం పూట చెట్టు చెట్టుకూ వంగి, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను వెతికి, గోటితో పైరెక్కలూ లోపలి కేసరాలూ గిల్లి తీసేయాలి. తల్లి కేసరం మీద గీటు పడకూడదు. తెల్లారి మగ పువ్వు తెచ్చి దాని మీద రుద్దాలి. క్రాసింగ్ అంటారు దాన్ని. మందు కొట్టిన చేను. చెట్టు ఆ పని చేసే ఆడపిల్ల రొమ్ము దాకా వస్తుంది. వేళ్లు నల్లబడతాయి, గోళ్ల చుట్టూ పగులుతుంది, కళ్లు మండుతాయి, తల తిరుగుతుంది. ఈ పనికి ఆడపిల్లలనే ఎందుకు పిలుస్తారు? చేతులు చిన్నవని. పొట్టిగా ఉంటారని. ఎదురు మాట్లాడరని. కూలి తక్కువని. సీజను మొదలుకాకముందే తండ్రి చేతిలో అడ్వాన్సు పడుతుంది. ఆ అడ్వాన్సు తీరేదాకా పిల్లకు బడి లేదు.

1986 నాటి బాలకార్మిక చట్టాన్ని 2016లో గట్టిగా సవరించారు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. బడి అయిపోయాక సొంతింటి పనిలో, అపాయం లేని పనిలో చేయి వేయొచ్చు. పెట్టుకున్నవాడికి ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు, లేదా 20 వేల నుంచి 50 వేల దాకా జరిమానా, లేదా రెండూ. కన్నవాళ్లు మొదటిసారి తప్పించుకున్నా, మళ్లీ పంపితే పది వేల వరకు జరిమానా.

మన తెలుగావిడే శాంతా సిన్హా. ఎంవీ ఫౌండేషన్‌తో కలిసి ఊరూరా తిరిగి పిల్లలను పనిలోంచి బడికి మళ్లించింది. 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికురాలేనన్నది ఆ సంస్థ పట్టు. అవార్డుకు చప్పట్లు కొట్టాం. ఆమె చెప్పింది విన్నామా?

"పేదోళ్లప్పా, ఏం చేస్తారు?"

ఈ మాట అనేది ఎవరు? పేదోళ్లా? కాదు. అడ్వాన్సు ఇచ్చినాయన. జీపులో పిల్లలను ఎక్కించుకుపోయే మేస్త్రి. అరుగు మీద కూర్చుని ఆ జీపును చూసే మీరు. పేదరికం నిజమే, వాన పడని ఏడు ఈ సీమలో పస్తు నిజమే. అందుకే కదా బళ్లో అన్నం పెడుతున్నారు, పుస్తకాలు ఇస్తున్నారు, తల్లి ఖాతాలో డబ్బు వేస్తున్నారు, బడి మానేసిన ఆడపిల్లల కోసం కస్తూర్బా విద్యాలయాలు పెట్టారు. కోసిగి పక్క నుంచి సుగ్గికి వలసపోయే ఇళ్ల పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు ఉండాలి. లేకపోతే ఎందుకు లేవని ఎమ్మెల్యేను నిలబెట్టి అడిగారా? సీసీ రోడ్డు అడిగారు. కమ్యూనిటీ హాలు అడిగారు. హాస్టల్ అడిగిన చేయి ఒక్కటైనా లేచిందా?

ఇప్పుడు మొగోళ్ల సంగతి.

పెళ్లాన్ని వదిలేసిన మొగుడు పిల్లలను కూడా వదిలేయొచ్చని ఎవరు చెప్పారు? పెళ్లి చెడొచ్చు. తండ్రితనం చెడదు. 1956 నాటి హిందూ దత్తత, పోషణ చట్టం తల్లికీ తండ్రికీ ఇద్దరికీ బిడ్డల్ని పోషించే బాధ్యత పెట్టింది. ఆడపిల్లకు పెళ్లయ్యేదాకా. ఏ మతంవాళ్లయినా సరే, కొత్త నాగరిక సురక్షా సంహితలో 144వ సెక్షన్ ఉంది. పాత చట్టంలో 125వ సెక్షన్ అది. స్తోమత ఉండీ బిడ్డకు తిండి పెట్టని తండ్రి మీద తల్లి మెజిస్ట్రేటు దగ్గరికి పోవచ్చు. పెళ్లి లేకుండా పుట్టిన బిడ్డకు కూడా ఆ హక్కుంది. తానున్న ఊళ్లోనే కేసు వేయొచ్చు. తీర్పు వచ్చేలోగా మధ్యంతర భృతి అడగొచ్చు, దాన్ని వీలైనంత వరకు అరవై రోజుల్లో తేల్చాలి. ఇమ్మన్నది ఇవ్వకపోతే ఎగ్గొట్టిన ప్రతి నెలకూ నెల వరకు జైలు.

కోర్టు మన ఊళ్లోనే ఉంది. దాని ముందు నుంచే రోజూ పోతారు. ఆడవాళ్లకూ పిల్లలకూ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల చట్టం చెబుతోంది. 15100కు ఫోన్ చేస్తే చాలు. ఆ మాట ఆ తల్లికి చెప్పడానికి మీకు నోరు రాలేదు. "సర్దుకుపోమ్మా" అనడానికి మాత్రం వచ్చింది. పంచాయితీ పెట్టి, పిల్లలను చెరొకరికి పంచి, కాగితం మీద వేలిముద్రలు వేయించారు. ఆ కాగితానికి విలువ లేదు. బిడ్డ తిండి హక్కును పెద్దమనుషులు రద్దు చేయలేరు.

తల్లికి హక్కు లేదంటారా? ఐదేళ్లలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని చట్టమే చెబుతోంది. తండ్రి పట్టించుకోనప్పుడు అతను బతికుండగానే తల్లి సహజ సంరక్షకురాలు కాగలదని 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మొగుడు చనిపోయి మళ్లీ పెళ్లి చేసుకున్న ఒక తెలుగు తల్లి బిడ్డకు ఏ ఇంటిపేరు పెట్టాలని అత్తమామలు కోర్టుకెక్కితే, అది నిర్ణయించే హక్కు తల్లిదేనని 2022 జులైలో అదే కోర్టు తీర్పిచ్చింది. సవతి తండ్రి అని కాగితాల్లో రాయమనడం బిడ్డ పట్ల క్రూరమని కూడా అంది. మరి మన ఊళ్లో బడి దరఖాస్తు పట్టుకొని ఒంటరి తల్లి వస్తే "మీ ఆయన్ని తోడ్కొని రా" అని ఎందుకు తిప్పుతున్నారు?

తండ్రులకూ అన్యాయం జరుగుతుంది. భార్య మీద కోపం ఉన్న అత్తింటివాళ్లు, మొగుడి మీద కోపం ఉన్న పుట్టింటివాళ్లు బిడ్డను దాచిపెట్టి చూడనివ్వరు. బిడ్డను చూసుకునే హక్కు, పండక్కి నాలుగు రోజులు తెచ్చుకునే హక్కు కోర్టు ఇప్పించగలదు. ఎవరడిగారు? అడగడం పోయి, బస్టాండులో బిడ్డ చేతులు చెరోవైపు లాగుతుంటే మీరు ఫోన్ తీసి వీడియో తీశారు.

ఇంకేం చూశారు మీరు? చెబుతాను వినండి. తాగొచ్చిన తండ్రి బెల్టు తీసి కొడుకు వీపు వాయగొడుతుంటే టీవీ సౌండు పెంచుకున్నారు, పదేళ్లవాడి చేతికి సంచి ఇచ్చి బ్రాందీ షాపుకు పంపితే వాడికి దారిచ్చారు, పద్నాలుగేళ్లవాడు ముగ్గురిని ఎక్కించుకొని కర్నూలు-గుంటూరు రోడ్డు మీద బుల్లెట్లా పోతుంటే "మావోడు భలే తోలతాడు" అని ఆ తండ్రి మురిస్తే మీరూ మురిశారు, మెకానిక్ షెడ్డులో గ్రీజు చేతులతో పిల్లవాడు మీ బండికే పంక్చర్ వేస్తుంటే బేరమాడారు, హోటల్లో మీ ఎంగిలి ప్లేటు తీసిన పిల్ల మొహం చూడకుండా చేయి కడుక్కొని వచ్చారు, మూడో ఆడపిల్ల పుట్టిందని ఆస్పత్రి నుంచే ఎవరికో "ఇచ్చేశామని" చెబితే దత్తతకు చట్టం ఉందని, బిడ్డను అమ్మితే ఐదేళ్ల వరకు కఠిన జైలని తెలిసీ తలూపారు, తండ్రి పోయిన పిల్లల భాగం ఎకరాలు చిన్నాయన కోర్టు అనుమతి లేకుండా అమ్ముకుంటే మీరే సాక్షి సంతకం పెట్టారు, మేనమామ చూపు బాగాలేదని ఎనిమిదో తరగతి పిల్ల చెబితే "ఇంటి పరువు తీస్తావా" అని నోరు మూయించారు, బడికి నెలగా రాని పిల్ల పేరు పక్కన హాజరు పడుతుంటే నవ్వుకున్నారు, ఇన్ని చూసి, ఇన్ని విని, రాత్రికి సంగటి తిని, కాళ్లు చాపుకొని పడుకున్నారు!

నిద్ర ఎట్లా పట్టింది?

ఇందులో ప్రతిదానికీ చట్టం ఉంది. పిల్లలను కొట్టి హింసించినా, కావాలని వదిలేసినా 2015 నాటి బాలన్యాయ చట్టం 75వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు. కన్నవాళ్లకు మినహాయింపు లేదు. మైనరుకు బండి ఇస్తే 2019 సెప్టెంబరు నుంచి తండ్రికీ బండి ఓనరుకూ మూడేళ్ల వరకు జైలు, 25 వేల జరిమానా. ఏడాదిపాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు. పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు లేదు. పిల్లల మీద లైంగిక దాడి తెలిసీ పోలీసులకు చెప్పకపోతే, ఆ చెప్పకపోవడమే పోక్సో కింద నేరం. ఆరు నెలల వరకు జైలు.

వినండి మళ్లీ. చెప్పకపోవడమే నేరం.

2024 జులైలో ఈ నియోజకవర్గంలోనే, కృష్ణ ఒడ్డు పల్లెలో, ఆడుకోవడానికి పోయిన చిన్న పాప ఇంటికి తిరిగి రాలేదు. పాప పేరూ ఊరి పేరూ రాయను, ఆనవాళ్లు బయటపెట్టొద్దని చట్టం. మీ వాట్సాప్‌లోకి ఆ పాప ఫొటో వస్తే చెరిపేశారా, ముందుకు పంపారా? పోలీసులు పట్టుకున్నది బడికి పోయే వయసు మగపిల్లలను. వాళ్లలో ఒకరి ఇంటి పెద్దలే శవాన్ని మాయం చేయడానికి సాయపడ్డారని పోలీసులు చెప్పారు. నిజానిజాలు కోర్టు తేల్చాలి. కానీ ఒక్కటి మనమే తేల్చుకోవాలి. తప్పు చేసి ఇంటికొచ్చిన బిడ్డను స్టేషనుకు తీసుకుపోవడం కూడా కన్నవాళ్ల బాధ్యతేనని ఈ ఊళ్లో ఎంతమంది తండ్రులు నమ్ముతారు? కొడుకు చేతిలో ఫోన్ పెట్టి, అందులో ఏం చూస్తున్నాడో చూడని తండ్రులు ఎంతమంది?

మీరందులో ఒకరా?

అప్పుడు రోడ్డెక్కి అరిచాం. కొవ్వొత్తులు పట్టుకున్నాం. ఉరి తీయాలన్నాం. ఆ తర్వాత ఏ బళ్లో తల్లిదండ్రులను కూర్చోబెట్టి ఈ చట్టాలు చదివి వినిపించారు? ఏ వార్డు సచివాలయం గోడ మీద పిల్లల హెల్ప్‌లైన్ 1098 అంకె పెద్దగా రాశారు? ఏ మసీదులో, ఏ చర్చిలో, ఏ గుళ్లో పెద్దలు లేచి బిడ్డల వయసు చూడందే పెళ్లి జరిపించం అని చెప్పారు? కోపం కూడా పండగలా వచ్చిపోతే ఎవరికి లాభం?

పెద్ద పెద్ద పనులేం అడగడం లేదు. పెళ్లి పత్రిక చేతికి రాగానే పిల్ల పుట్టిన తేదీ అడగండి. పత్రిక అచ్చువేసేవాళ్లు అడగండి. కల్యాణ మంటపం ఇచ్చేవాళ్లు అడగండి. పురోహితుడు, ఖాజీ, పాస్టరు అడగండి. తేదీ తప్పితే 1098కి చెప్పండి. మెజిస్ట్రేటు ఆపమని ఉత్తర్వు ఇస్తే, దాన్ని కాదని చేసిన పెళ్లి పెళ్లే కాదు. ముందే జరిగిపోయిన పెళ్లి అయినా ఆ పిల్ల ఇరవై ఏళ్లు నిండేలోగా కోర్టులో రద్దు చేయించుకోవచ్చు. ఇది ఆ పిల్లకు ఎవరు చెబుతారు? అత్తగారా? మొగుడా? మీరు చెప్పాలి.

జూన్‌లో బడి తెరవగానే మీ వీధిలో ఏ పిల్ల రాలేదో లెక్క తీయండి. హెడ్మాస్టరుకు ఆ పేరు ఇవ్వండి. ఆయన కదలకపోతే ఎంఈవో దగ్గరికి పోండి. ఆయనా కదలకపోతే కలెక్టరుకు సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ పెట్టి రశీదు తీసుకోండి. బోరు బిల్లుకు, పింఛనుకు, ఇంటి పట్టాకు ఎన్నిసార్లు తిరగలేదు మీరు?

పక్కింటివాళ్లతో మాటలు పోతాయని భయమా?

పోనీయండి. పోయిన మాటలు ఉగాదికో, పీర్ల పండగకో మళ్లీ కలుస్తాయి. ఆ పిల్లకు బడికి పోయే వయసు మళ్లీ రాదు.